పల్లెకు టెలిఫోను వచ్చిన వైనము

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదిగా సంపాదక వర్గము వారు కోరినప్పుడు మేము కొంతసేపు ఆలోచనలో పడినాము. దేవాలయముల నిర్మాణము, పాఠశాలలు, వైద్యశాలలు, మనకు ముందు నడిచిన పెద్దల సేవ, వీటిని గురించి మాకంటె బాగుగా వ్రాయగలవారు ఈ సంచికలోనే పలువురున్నారు. అందుచేత ఎవరూ అంతగా పట్టించుకొనని ఒక సంగతిని ఎన్నుకొన్నాము. ఈ నూరేండ్లలో ఒక ఊరి మాట మరొక ఊరికి ఏ విధముగా చేరినది? ఆ దారి మారినకొలది మన బ్రతుకులు, మన సంస్థలు ఏ విధముగా మారినవి? నేడు ప్రతివారి చేతిలోను ఫోను ఉన్నది గనుక ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. కాని దీని వెనుక మన యువతరము తెలిసికొనవలసిన చరిత్ర కొంత కలదు.

తంతి నాటి దినములు

మా చిన్ననాట సైకిలు మీద తంతి జవాను వీధిలోనికి వచ్చినాడంటే ఆడవారు పనులు ఆపి గుమ్మములలోనికి వచ్చి నిలిచేవారు. ఎవరి ఇంటి ముందు సైకిలు ఆగునోనని అందరికీ గుండె దడ. తంతి అంటే సాధారణముగా చావు కబురే. చదువుకొన్న వారు ఊరిలో ఇద్దరో ముగ్గురో. వారిలో ఒకరిని పిలిచి చదివించుకొనే లోపలే ఏడ్పులు మొదలయ్యేవి. ఒక్కొక్కసారి తీరా చదివితే పిల్లవాడు పరీక్ష ప్యాసైన కబురు అయ్యేది.

టెలిఫోను చేయవలెనంటే పోస్టాఫీసుకు పోవలెను. ట్రంకు కాల్ బుక్ చేసి, బల్ల మీద కూర్చుండి, పిలుపు కొరకు కాచుకొనవలెను. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు తరగతులు. అర్జెంటుకు రెండింతలు, లైట్నింగుకు ఎనిమిదింతలు రుసుము. ఆర్డినరీ కాల్ ఉదయము బుక్ చేసినవారు మధ్యాహ్నము భోజనమునకు ఇంటికి పోయి తిరిగివచ్చినా లైను దొరికెడిది కాదు. దొరికిన తరువాత మాట వినబడవలెనంటే కేక వేయవలసినదే. ఇంటి గుట్టు పోస్టాఫీసులో ఉన్నవారందరికీ తెలిసిపోయేది.

దివిసీమ నేర్పిన సంగతి

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన తుఫానును, ఉప్పెనను మన ప్రాంతము వారు మరువలేరు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించినారు. తంతి తీగలు, టెలిఫోను తీగలు తెగిపోయినవి. స్తంభములు కొట్టుకొనిపోయినవి. ఎంత ఘోరము జరిగినదో బయటి వారికి పూర్తిగా తెలియుటకు కొన్ని దినములు పట్టినది. ఆ దినములలో మాలో కొందరు సహాయక బృందములతో బియ్యము, బట్టలు తీసికొని వెళ్ళినారు. సముద్రము వచ్చుచున్నదని ముందుగా ఒక్క మాట చేరియుంటే ఎందరు గట్టు ఎక్కి బ్రతికేవారో అని అక్కడి వారు చెప్పుకొని ఏడ్చినారు. టెలిఫోను ధనవంతుల సౌఖ్యమని అంతవరకు అనుకొనే వారము. ఆ మాట తప్పని మాకు అక్కడ తెలిసినది.

దేశములోని స్థితి

మన దేశములో టెలిఫోను కొత్తది కాదు. 1882లోనే కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఎక్స్ఛేంజీలు వెలసినవి. ఆపరేటరు సహాయము లేకుండ ఒక ఊరి నుండి మరొక ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్టీడీ 1960లో కాన్పూరు, లక్నో నగరముల మధ్య ఆరంభమైనది. అయినను 1980ల ఆరంభములో సుమారు 70 కోట్ల జనాభా గల దేశములో టెలిఫోన్లు 30 లక్షలు కూడ లేవు. ఉన్నవి దాదాపు పట్టణములలోనే. దరఖాస్తు పెట్టిన వారు ఏండ్ల తరబడి వేచియుండేవారు. ఫోను ఉన్న ఇంటిలోను అది పనిచేయని దినములు ఎక్కువగా నుండేవి.

దీనికి ఒక కారణము యంత్రములు. పాత ఎక్స్ఛేంజీలలో ఎక్కువ భాగము స్ట్రోజరు పద్ధతివి. అమెరికాలో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వృత్తిలోనున్న ఆల్మన్ స్ట్రోజరు అను నతడు దీనిని కనిపెట్టి 1891లో పేటెంటు పొందినాడు. మనము డయలు త్రిప్పినప్పుడెల్ల ఎక్స్ఛేంజీలో ఒక లోహపు చేయి పైకి ఎక్కి, పక్కకు తిరిగి, సరియైన తీగను తాకును. కదిలే భాగములు వేలకొలది. దుమ్ము పడినా, అరిగినా, తుప్పు పట్టినా తప్పు నంబరు పోవును. ఆ తరువాత తెప్పించిన క్రాస్‌బార్ యంత్రములును మన దేశములో ఒక్కొక్క ఫోను మీద పడే ఒత్తిడికి తట్టుకొనలేకపోయినవి. పది ఇండ్ల వారు ఒకే ఫోను వాడుకొనే దేశము కొరకు వాటిని తయారుచేయలేదు గదా!

విదేశములలో అప్పటికే డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చినవి. కాని అవి పెద్ద నగరముల కొరకు చేసినవి. వేలాది లైన్లు ఉంటేనే గిట్టుబాటు. చల్లని గది, నిరంతరము ఎయిర్ కండిషనరు, తడబడని కరెంటు కావలెను. ఫ్యానుకే కరెంటు లేని పల్లెలో వాటిని ఎక్కడ పెట్టవలెను?

డిజిటల్ అనగా నేమి

ఈ మాట నేడు ప్రతివారి నోట వినబడుచున్నది గనుక కొంచెము వివరించుట మంచిది. పాత టెలిఫోనులో మన గొంతు అలలే విద్యుత్తు అలలుగా మారి తీగ వెంట పోవును. దూరము పోయినకొలది నీరసించును, గరగర చేరును. డిజిటల్ పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఆ కొలతలను సున్నలు, ఒకట్లుగా వ్రాసి పంపుదురు. అవతల ఆ అంకెలను చదివి తిరిగి గొంతుగా మార్చుదురు. వంట రుచిని నోటితో చెప్పుటకు బదులు ఉప్పు ఇంత, కారము ఇంత అని చీటి మీద వ్రాసి పంపినట్లు. చీటి నలిగినా అంకె చదువగలిగితే చాలును. పైగా అంకెలు అయినందున ఒకే జత తీగల మీద అనేక సంభాషణలను వంతులవారీగా పంపవచ్చును. లోహపు చేతులతో పనిలేదు గనుక అరుగుదల లేదు.

కిట్టూరులోని పెట్టె

1984 ఆగస్టులో భారత ప్రభుత్వము సి-డాట్ అను పరిశోధన సంస్థను నెలకొల్పినది. దీని వెనుక నున్న వ్యక్తి శ్యాం పిట్రోడా. 1942లో ఒరిస్సాలోని టిట్లాగఢ్ లో జన్మించి, అమెరికాలో టెలిఫోను ఇంజనీరుగా పేరు గడించి, స్వదేశమునకు వచ్చి ఇందిరాగాంధీ, రాజీవ్ గాంధీల ప్రోత్సాహము సంపాదించినాడు. 36 నెలల గడువు, 36 కోట్ల రూపాయల నిధి. ఢిల్లీలోను, బెంగుళూరులోను వందలాది యువ ఇంజనీర్లు పనిలో దిగినారు. చాలమంది కళాశాల నుండి అప్పుడే వచ్చినవారు.

వారు ముందుగా పూర్తిచేసినది చిన్న యంత్రము. గ్రామీణ ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి అని దాని పేరు. ఇంగ్లీషు పొడి అక్షరములలో రాక్స్ అనేవారు. 128 పోర్టులు, అనగా 128 తీగలను తగిలించుకొనే చోట్లు. నిలువున నిలిపిన బీరువా వంటి పెట్టె. దీనికి ఎయిర్ కండిషనరు అవసరము లేదు. తక్కువ కరెంటు తీసికొనే విడిభాగములను ఎన్నుకొని, వేడి గాలి తనంతట తానే పైకి పోవునట్లు అమర్చినారు. ఎండకు, దుమ్ముకు ఓర్చుకొనును. చెడిపోతే ఏ కార్డు చెడినదో కనిపెట్టి, దానిని లాగివేసి, మంచి కార్డు తగిలించితే చాలును. ఢిల్లీ నుండి ఇంజనీరు దిగిరానక్కరలేదు, తాలూకా మెకానిక్కు చేయగలడు. ఆ కార్డులనే చేర్చి పెద్ద ఎక్స్ఛేంజీలును కట్టవచ్చును. తయారీ హక్కును ఒక్కరికే కట్టబెట్టక, లైసెన్సు మీద పలువురు ఉత్పత్తిదారులకు ఇచ్చినారు.

1986 జూలైలో కర్ణాటకలోని కిట్టూరులో మొదటి గ్రామీణ ఎక్స్ఛేంజి పనిచేయనారంభించినది. రాణీ చెన్నమ్మ ఏలిన కిట్టూరు అదే. అక్కడి నుండి ఇటువంటి పెట్టెలు దేశమంతట వేలసంఖ్యలో వెలసినవి. మన తెలుగు పల్లెలలోను పోస్టాఫీసు ప్రక్క గదిలోనో, పంచాయతీ కట్టడములోనో చాల చోట్ల నిలిచినవి.

ఇంత వ్రాసిన తరువాత రెండవ వైపు కూడ చెప్పుట న్యాయము. నగరముల కొరకు తలపెట్టిన పెద్ద ఎక్స్ఛేంజి 36 నెలల గడువులో పూర్తికాలేదు. పత్రికలలోను, ప్రభుత్వములోను విమర్శలు చెలరేగినవి. 1989లో ప్రభుత్వము మారిన పిమ్మట విచారణ కూడ జరిగినది. పెద్ద యంత్రము ఆలస్యముగానే వచ్చినది. కాని పల్లెటూరి వారికి కావలసిన చిన్న యంత్రము సమయమునకు వచ్చినది. పెద్ద పనికి చిన్న మొదలు చాలునని మన సంఘములను కట్టిన పెద్దలకు తెలియనిది కాదు. తాటియాకుల పందిరిలో మొదలైన ఆరాధనలు ఎన్ని లేవు!

పసుపు బోర్డు

పల్లె వారందరికీ ఇంటింటికి ఫోను ఇచ్చే స్తోమత ఆనాడు దేశమునకు లేదు. అందుచేత ఒక ఫోనును ఊరంతయు వాడుకొనే ఏర్పాటు చేసినారు. 1980ల చివరి నుండి ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ అను అక్షరములు వ్రాసిన పసుపు పచ్చని బోర్డులు వీధి వీధిన కనబడినవి. గాజు తలుపు గల చిన్న గది, గోడకు మీటరు, మాట ముగియగానే బిల్లు అచ్చువేసే చిన్న యంత్రము. వికలాంగులకు, వితంతువులకు, నిరుద్యోగులకు ఈ బూతులు ఉపాధి అయినవి. రాత్రి బాగుగా ప్రొద్దుపోయిన తరువాత పావు ధర గనుక అప్పుడు జనము వరుసలు కట్టేవారు.

ఆ వరుసలలో మేమును నిలిచినాము. కరీంనగరు, నిజామాబాదుల నుండి దుబాయికి పోయిన కొడుకుల కొరకు, కడప నుండి, గోదావరి జిల్లాల నుండి కువైటుకు ఇంటి పనికి పోయిన కూతుళ్ళ కొరకు తల్లులు ఆ బల్లల మీద ఎన్నో రాత్రులు కూర్చున్నారు. వారిలో చాలమందికి అంకెలు రావు. బూతులోని కుర్రవాడు, "చీటీ ఇటియ్యి పెద్దమ్మా, నేను కలుపుతాను" అని తానే నంబరు కొట్టి, రిసీవరు చెవికి ఆనించి, "ఇప్పుడు మాట్లాడు" అనేవాడు. నిమిషములు పెరుగుచుంటే మీటరు చూపి హెచ్చరించేవాడు. చిల్లర తక్కువైతే రేపు ఇమ్మనేవాడు.

మన సంస్థల పనియు దీనితో మారినది. అంతకు మునుపు ఒక పాస్టరేటు నుండి అధ్యక్ష మండల కార్యాలయమునకు ఉత్తరము పోయి జవాబు వచ్చుటకు పది దినములు. సభ వాయిదా పడిన సంగతి తెలియక బస్సెక్కి వచ్చి తిరిగిపోయిన పెద్దలను మేమెరుగుదుము. బూతు వచ్చిన పిమ్మట ఆ కష్టము తీరినది. మునుపు ఉత్తరము వ్రాయవలెనంటే నలుగురు కూర్చుండి మాట నిర్ణయించుకొనేవారు. ఫోను వచ్చిన తరువాత తొందర నిర్ణయములు, "నేను అట్లు అనలేదు" అను తగవులు కూడ వచ్చినవి. వ్రాసిన కాగితము భద్రముగా నుండును, పలికిన మాటకు సాక్ష్యము ఎవరు?

చేతిలోనికి వచ్చిన ఫోను

1995 జూలై 31న కలకత్తా నుండి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్ రాంతో మాట్లాడుటతో మన దేశములో సెల్ ఫోను ఆరంభమైనది. ఆనాడు ఫోను చేసినవారికే గాక అందుకొన్నవారికిని ఖర్చే. 2003లో వచ్చే కాల్ ఉచితమైనది. ధరలు పడిపోయినవి. కూలీ చేతిలోనికి, చేపలవాని బుట్టలోనికి ఫోను వచ్చినది. ఆ తరువాత పసుపు బోర్డులు ఒక్కటొక్కటిగా దిగిపోయినవి. 2013 జూలైలో తంతి సేవ కూడ ముగిసినది. 2016 ఏప్రిల్ లో యూపీఐ వచ్చిన తరువాత డబ్బు సైతము ఫోనులోనుండియే పోవుచున్నది. 2020 మార్చిలో దేశమంతయు మూతపడినప్పుడు ఆరాధనలు కూడ ఫోను తెర మీదకు వచ్చినవి. పల్లెలలో మనుమలు ఫోను పట్టుకొని నిలువగా అవ్వలు కొంగు నెత్తిన కప్పుకొని చూచినారు.

ఇక దివిసీమ మాటకు వత్తుము. 2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుఫాను విశాఖపట్నమును తాకినప్పుడు టవర్లు కూలి, కరెంటు పోయి, చేతిలో ఫోను ఉండియు రోజుల తరబడి మాట లేదు. ఎంత పెద్ద ఏర్పాటైనను తీగ తెగితే తెగినదే. అయితే తుఫాను రాక ముందుగానే హెచ్చరికలు అంది, లక్షలాది జనమును ఎత్తయిన చోట్లకు తరలించినారు. 1977కును అప్పటికిని భేదము అదియే. ఇటీవల తుఫాను, పిడుగు హెచ్చరికలు మన ఫోనులకు తెలుగులో వచ్చుచున్నవి. 2023లో పెద్ద శబ్దముతో పరీక్షా సందేశములు వచ్చి మనలను ఉలికిపాటుకు గురిచేసినవి గదా! ఆ హెచ్చరిక ఏర్పాటును తయారుచేసినది పల్లె ఎక్స్ఛేంజిని చేసిన ఆ సి-డాట్ సంస్థయే. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు దివిసీమ గట్టు మీద విన్న ఏడ్పులు జ్ఞాపకము వచ్చినవి.

సులువు ఎవరికి?

చరిత్ర ఇంతటితో ఆపవచ్చును. కాని ఒక సంగతి మమ్ములను నిమ్మళముగా నుండనీయలేదు.

మా సంఘములో ఒక పెద్దమ్మ గారున్నారు. భర్త లేరు. కొడుకు దూరదేశమున ఉన్నాడు. ఆయనతో మాట్లాడుటకే ఫోను కొనుక్కొన్నారు. ఒకనాడు ఎవరో ఫోను చేసి, మర్యాదగా మాట్లాడి, మీ పింఛను ఆగిపోకుండ చూచెదము, ఇప్పుడు వచ్చిన అంకెలు చెప్పండి అని అడిగినారు. ఆమె కళ్ళజోడు పెట్టుకొని, ఒక్కొక్క అంకె చదివి చెప్పినారు. ఆమె దాచుకొన్నదంతయు క్షణములో పోయినది. వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చునని ఆమెకు తెలియదు. మూడు దినములు ఎవరికిని చెప్పుకొనలేదు. ఆదివారము ఆరాధన అయిన పిమ్మట చెట్టు క్రింద కూర్చుండి మాతో అన్న మాట ఇది: "బూతులో అబ్బాయి ఉన్నప్పుడే నయం నాయనా, అడగడానికి ఒక మనిషి ఉండేవాడు."

ఆ మాట విన్నది మొదలు మేము ఆలోచించుచున్నాము. నేటి ఫోను వెనుకటి దానికంటె ఎన్నో రెట్లు సులువైనదని అందరు చెప్పుదురు. ఒక్క వ్రేలితో తాకితే పని అయిపోవును. కాని ఆ సులువు చదువు వచ్చినవారికి, చూపు ఉన్నవారికి, వయస్సులో నున్నవారికి. 1986 నాటి పెట్టెను చేసినవారు తమ బల్ల ముందు కిట్టూరు ఎండను, దుమ్మును పెట్టుకొని ఆలోచించినారు. చెడిపోతే బాగుచేయువాడు ఎవరని ముందుగా అడిగినారు. దాని కొసను ఒక బూతును, బూతులో ఒక మనుష్యుని ఉంచినారు. ఆ మూడును కలిసినందువలననే అది పల్లెకు సులువైనది. నేడు యంత్రము మరింత చిన్నదై మనుష్యుడు తొలగిపోయినాడు. ఆతడు చేసే పని మాత్రము అట్లే ఉన్నది. దానిని వృద్ధుల నెత్తిన పెట్టినాము.

మన వంతు

శతవార్షికోత్సవ వేళ మన కార్యాలయములలోను మార్పులు వచ్చుచున్నవి. సంఘ పుస్తకములు కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి. చందాలు ఫోను ద్వారా వచ్చుచున్నవి. ప్రకటనలు వాట్సాప్ లో తిరుగుచున్నవి. ఇవి మంచివే, వీటిని వలదనుట మా ఉద్దేశ్యము కాదు. అయితే బాప్తిస్మ, వివాహ రిజిష్టర్లను కంప్యూటరులోనికి ఎక్కించిన పిమ్మట పాత పుస్తకములను పారవేయక, చెదలు పట్టకుండ భద్రపరచుదము. నూరేండ్ల నాటి సిరా వ్రాతను నేటికిని మనము చదువుచున్నాము. నూరేండ్ల తరువాత నేటి ఫైళ్ళను తెరచు యంత్రము ఉండునని ఎవరు పూచీపడగలరు?

రెండవది, వాట్సాప్ లో వేసినాము గనుక అందరికీ తెలిసినదని అనుకొనవద్దు. వేదిక నుండి ఒకసారి చదివి వినిపించుటకు రెండు నిమిషములు పట్టును.

మూడవది ముఖ్యమైనది. మా సంఘములో గత కొన్ని నెలలుగా ఆదివారము ఆరాధన అనంతరము వరండాలో ఒక బల్ల వేయుచున్నాము. ఇద్దరు యౌవనస్థులు అక్కడ కూర్చుందురు. పెద్దలు తమ ఫోన్లు తెచ్చి చూపుదురు. కొడుకుకు ఫోను కలుపుట, పింఛను సందేశము చదివి చెప్పుట, మోసపు కాల్ వచ్చిందేమో చూచుట, ఇంతే ఆ బల్ల పని. ఎవరి రహస్య అంకెలు అడుగరాదని, ఎవరి డబ్బు వ్యవహారమును తాము చేయరాదని ఆ పిల్లలకు గట్టిగా చెప్పినాము. పైసా ఖర్చు లేదు. మొదటి ఆదివారము ఆ బల్ల దగ్గరకు వచ్చిన మొదటి వ్యక్తి ఆ పెద్దమ్మ గారే. పోయిన డబ్బు తిరిగి రాలేదు. కాని ఆ దినము ఆమె కొడుకు ముఖము తెర మీద చూచి మాట్లాడి, నవ్వుచు ఇంటికి పోయినారు.

ప్రతి పాస్టరేటులోను ఇటువంటి బల్ల ఒకటి వేయవలెనని సంఘస్థులందరికీ మా మనవి. తంతి జవాను, ట్రంకు ఆపరేటరు, బూతు అబ్బాయి, వీరందరు ఒక్కొక్కరుగా వెళ్ళిపోయినారు. వారు కూర్చున్న చోటు ఖాళీగా నున్నది. ఆ చోట మన పిల్లలు కూర్చుందురు గాక.